ముద్దకు ముందు టెస్టరు

మద్దిలేటి అని ఒకడుండె. కరెంటు పనోడు. ఇండ్లకు వైరింగు చేసేది, బోరు మోటర్లు బిగించేది, అంతా వాళ్ల నాయన దగ్గర నేర్చిందే. ఆ నాయన ఏం నేర్పినాడంటే, తీగలో కరెంటు ఉందో లేదో చూడల్లంటే చెయ్యి తిరగేసి వేళ్ల వెనకపక్క తాకించు అని. అరచేత్తో పట్టుకుంటే వేళ్లు ముడుచుకోని తీగను వదలవు, వెనకపక్కైతే చెయ్యి ఇవతలికి వచ్చేస్తాదని. ముసలాయన మంచంలోనే పోయినాడులే, కరెంటుకు పోలా. అందుకే కొడుక్కు ఆ పద్ధతి మీద అంత నమ్మకం. అయితే పర్మిట్టు లేనోడు ఎంత పనోడైనా ఇంకొకని కింద చెయ్యల్సిందే కదా. సొంతంగా పని పట్టల్లంటే పట్నంలో పరీక్ష పాస్ కావల్ల. పోయినాడంట. రాసేది బాగానే రాసినాడు. చేసి చూపిచ్చే కాడికి వచ్చేతలికి ఏమైందంటే, బోర్డు ముందర నిలబెట్టి, దీని మెయిన్ స్విచ్చి ఆపినాము, తీగలు విప్పి బిగించు అన్నాడంట పరీక్ష పెట్టే సారు. మనోడు కరెంటుంటే వెలిగే టెస్టరు జేబులోనే ఉంచి, చెయ్యి తిరగేసి తాకినాడు. అంతే, పో అన్నాడంట. మరుసటేడు, ఈసారి చెయ్యి పెట్టను అని ఒట్టు పెట్టుకోని పోయినాడు. బోర్డు కనపడంగానే చెయ్యి దానంతట అదే లేసింది. చెయ్యికి ఒట్టు తెలుస్తాదా? మళ్లా పో అన్నాడు.

ఇంటికొచ్చి, ఇంకొక్కసారి చూస్తా, అదీ పోతే బండల గనికి పోతా అని పెండ్లాం సుంకమ్మతో అన్నాడంట. ఆయమ్మ నవ్వలా, తిట్టలా. "పర్మిట్టు రాకుంటే నువ్వు గనికి పోతావు. ఆ చెయ్యి తీగకు కరుచుకోని నువ్వే పోతే, నేను యాడికి పోవల్లయ్యా?" అనిందంట. అని ఊరుకోలా. పరీక్ష అయ్యేదాకా తీగ ముట్టొద్దని పని మాన్పిచ్చింది. ఆ పొద్దునుంచి టెస్టరు తాకించందే అన్నం తినే తట్ట ముట్టుకోనీదు అనుకో. తట్టకు టెస్టరు, చెంబుకు టెస్టరు, తలుపు గొళ్లానికి టెస్టరు. మర్చిపోయి చెయ్యి పెట్టినాడా, తట్ట లోపలికి పోతాది. ఆకలి ఎవురినైనా దారికి తెస్తాది. ఏం మద్దిలేటీ, సంగటిలో కరెంటు ఉందా అని ఊర్లోవాళ్లు నవ్వినారు. నవ్వేవాళ్లకేం, వాళ్ల తట్ట వాళ్ల ముందరే ఉంటాది కదా.

మూడోసారి పోయినాడు. మెయిన్ ఆపినాము, ఇంక కానియ్యి అన్నాడంట సారు. చెయ్యి తీగ మీదికి పోలా, జేబులోకి పోయింది. టెస్టరు తీసి తీగకు పెట్టినాడు. వెలగలా. ఇంక పని మొదలుపెట్టొచ్చు కదా? పెట్టలా. తట్టలకూ గొళ్లాలకూ పెట్టి పెట్టి, ఇది వెలగంగా ఎప్పుడు చూసినాడో వానికే గుర్తు రాలేదంట. పక్కన గోడ ప్లగ్గులో సారు ఫ్యాను తిరుగుతాంది. దాని పక్క ప్లగ్గులో పెట్టి చూసినాడు. అక్కడా వెలగలా. అంటే టెస్టరే చచ్చింది. సార్, ఇంకో టెస్టరు ఇయ్యండి అని అడిగినాడు. సారు తన జేబులోది ఇచ్చినాడు. అది తీగకు పెడితే ఎర్రగా వెలిగింది. వీనికి ముందు పరీక్షకు వచ్చినోడు మెయిన్ వేసి పోయినాడంట, సారు చూసుకోలా. సారే పోయి మెయిన్ ఆపి వచ్చి, "పాసైనావులే, అయినా పని కూడా చేసి చూపించు" అన్నాడంట.

పర్మిట్టు తెచ్చి పెండ్లాం చేతిలో పెట్టి, టెస్టరు చచ్చిన సంగతి చెప్పినాడు. "చావదా మరి, రోజూ తట్టల్తో పాటు తోముతాంటి" అనిందంట ఆయమ్మ. ఇప్పుడు పనికి కొత్త టెస్టరు. పాతది పొయ్యి కాడ ఉంది, ముద్దకు ముందు ఇప్పటికీ తాకిస్తాడు. కూర బాగుందో లేదో అది చెప్పదు, వాడూ చెప్పడు. కలుపుకునే చెయ్యి ఉంది, నాకు అది చాలు అంటాది సుంకమ్మ.