రెండు ముక్కల బల్ల

ఆ గీత మీద గిన్నె పెట్టకే, ఒరుగుతుంది. కాస్త పక్కకి జరుపు. ఆ, అలా. గీతేంటంటావా? సరే, కూర్చో. అన్యాయం జరిగింది గోతుల తాతకి, ఈ బల్ల మీద మొట్టమొదటి ప్రేమ విందు పెట్టిన ఆదివారం మధ్యాహ్నం. బల్లని కోసింది వడ్రంగి, కోయించింది మా అత్తగారు. మీ తాతకి అమ్మ, నువ్వు చూడలేదులే. అందరూ ఆవిణ్ని గరిటమ్మ అనేవాళ్లు. చేతిలో గరిటె లేకుండా ఆవిణ్ని చూసినవాళ్లు లేరు. చివరికి పెట్టెలో పడుకోబెట్టినప్పుడు ఆ చెయ్యి ఖాళీగా ఉండేసరికి ఎవరో పరాయి మనిషిలా అనిపించింది. నవ్వకే, నిజం.

గోతుల తాతంటే సమాధుల తోటలో గోతులు తవ్వే మనిషి. ఇక్కడ ఏ ఇంట్లో మనిషి పోయినా చివరి పరుపు వేసింది ఆయనే. మా మామగారు పోయినప్పుడు జనమంతా వెళ్లిపోయాక ఆయన పార పక్కన పడేసి, మట్టిని అరచేత్తో దుప్పటి సవరించినట్టు సవరించాడట. అత్తగారు గేటు దగ్గర నిలబడి చూసింది. ఆ చెయ్యిని ఆవిడ మర్చిపోలేదు. ఇది గుర్తుపెట్టుకో, దీనికోసమే మిగతాదంతా.

అసలు బల్ల రాకముందు ఏ గొడవా లేదు. నెల మొదటి ఆదివారం ప్రభు సంస్కారం అయ్యాక గుడి వెనక ఈ గదిలోనే అందరికీ కలిపి భోజనం, ప్రేమ విందంటే అదే. చాపల మీద, కిటికీ గట్టు మీద, దొరికిన చోట కూలబడి తినేవాళ్లు. గోతుల తాత వెనక గుమ్మం మెట్టు మీద తినేవాడు. పక్కనే పాస్టరమ్మ గారూ కూర్చునేది, మోకాళ్లు వంగవుగా పాపం. అప్పుడది ఒక చోటు, అంతే. ఇంతలో వడ్రంగి కూతురు జ్వరం నుంచి లేచింది, ఆయన దేవుడికి బల్ల చేసిస్తానన్నాడు. ఎవరి కంటా పడకూడదని ఈ గదిలోనే తలుపులు మూసుకుని చేశాడు. బల్ల మంచిదే, దాని తప్పేం లేదు. కానీ బల్ల రాగానే దానికొక తలా, ఒక తోకా పుట్టుకొచ్చాయి. బట్టల కొట్టాయన సంఘ పెద్ద అప్పట్లో. కొట్లో తానులు సర్దినట్టు సర్దాడు జనాన్ని, పట్టు పైన, నూలు కింద. తల దగ్గర పాస్టరు గారు, పక్కన తను, తన పక్కన తన బావమరిది. గోతుల తాత మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని వచ్చేసరికి కుర్చీల్లేవు. ఆ కొట్టు పెద్దాయన ముక్కుతో మాట్లాడేవాడులే, "నీకు మెట్టు అలవాటేగాఁ, గాలి కూడా బాగా తగుల్తుందీఁ" అన్నాడు. ఆ పొద్దున్నే ప్రభువు సుంకరులతో, అంటే అందరూ దూరం పెట్టినవాళ్లతో, కూర్చుని తిన్న భాగం చదివింది ఈయనే! చదివిన నోరింకా ఆరలేదు. తాత అలాగేనయ్యా అని వెళ్లి మెట్టు మీద కూర్చున్నాడు. అదే మెట్టు. కానీ ఆ రోజు దాని ఎత్తు వేరు.

పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన ప్రార్థనలో మనం ఊరెళ్లి రావచ్చు. ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి కూర గుండిగ లేదు. అన్నం గిన్నె లేదు. గరిటమ్మా లేదు. ఖాళీ పళ్లాల ముందు పట్టూ నూలూ ఒకటే చూపు. వాసన మాత్రం వెనక గుమ్మం నుంచి వస్తోంది. పెద్దాయన వెళ్లి చూస్తే ఏముంది, మెట్టు మీద ఆవిడా తాతా పక్కపక్కన, మధ్యలో గుండిగ. కూర ఇక్కడికెందుకు తెచ్చావమ్మా అన్నాడు. "విందు ఎక్కడుంటే కూర అక్కడుంటుంది" అంది, తలెత్తకుండా. మరి లోపల జరిగేదేంటి అన్నాడు. "అది మీ కొట్టు" అంది.

ఇంతకీ తాత ఊరుకున్నాడా? ఆయన పళ్లెం ముట్టలేదు. నా మూలంగా గొడవొద్దమ్మా, బూట్ల నిండా మట్టి, నేను లోపలికి రాను అన్నాడు. రమ్మంటే రావా అని ఆవిడ గద్దించింది. అప్పుడన్నాడట, చిన్నగా: "గొయ్యికైతే అందరూ పిలుస్తారమ్మా. బల్లకి ఎవరూ పిలవలేదు."

పాస్టరు గారు వెనకాలే వచ్చి విన్నారు. తాత లోపలికి రాకపోతే బల్లే బయటికొస్తుంది, పట్టండి అన్నారు. పట్టారు. నిలువుగా తోశారు, రాలేదు. అడ్డంగా పడుకోబెట్టారు, రాలేదు. జబ్బుచేసిన గేదెలా కాళ్లు పైకెత్తించి లాగారు, గుమ్మంలో ఇరుక్కుంది. బావమరిది లోపల ఉండిపోయాడు, ఆకలి ఆకలి అని కేకలు. లోపలే పుట్టిన బల్ల కదా, దేవుడికి కానుక చేసినాయన అన్నీ కొలిచాడు గానీ తలుపు కొలవలేదు! ముందు పాస్టరమ్మ గారు నవ్వింది, ఇక ఎవరూ ఆగలేదు. వడ్రంగి కూడా కాసేపు తల పట్టుకుని, తర్వాత నవ్వి, రంపం తెచ్చాడు. టేకు బల్లయ్యా అని పెద్దాయన గుండెలు బాదుకున్నాడు. మా అమ్మకి గొయ్యి తవ్వినాయన కన్నా టేకు ఎక్కువ కాదులెండి అన్నాడు వడ్రంగి, రంపం ఆపకుండానే. సరిగ్గా నడిమికి కోశాడు.

రెండు ముక్కలూ పెరట్లో ఎండలో కలిపి వేశారు. అందరూ కూర్చున్నారు. తాత మాత్రం కదల్లేదు. గరిటమ్మ గరిటె గుండిగలో పెట్టి పెద్దాయన వంక చూస్తూ నిలబడింది. వడ్డించదు. పెద్దాయన కాలర్ సర్దుకున్నాడు, దగ్గాడు, చివరికి లేచి మెట్టు దాకా నడిచి వెళ్లాడు.

"రావయ్యా," అన్నాడు. "నా పక్కన కూర్చో."

ముక్కుతో అనలేదట ఆ మాట. అత్తగారు అదే చెప్పేది ప్రతిసారీ. కుర్చీ ఎలాగూ తక్కువే కదా, ఒకటే కుర్చీ మీద ఆయన సగం, ఈయన సగం. కూరలో రంపంపొట్టు పడింది, ఎవరూ తియ్యలేదు, లొట్టలేసుకుంటూ తిన్నారు. మరుసటి నెల నుంచి ఆ ఇద్దరికీ ఒక్క కుర్చీయే వేసేవాళ్లు. ఇంకోటి వేస్తే పెద్దాయనే తీసి పక్కన పెట్టేవాడు.

ముక్కలు అతికించి బల్లని మళ్లీ లోపల వేశాక, ఆ గీత పూడిపోయేలా లప్పం రాయనివ్వలేదు ఆవిడ. వడ్రంగి బల్ల అడుగున ఆ విందు రోజుని ఉలితో చెక్కాడు. వంగు, వంగి చూడు. నా కళ్లకి ఆనదు, నువ్వే చదువు. ఆ... అదే. 1968 జూన్ 2, ఆదివారం.