తనిఖీ నాటి తుపాకులు

స్తంభమున సాక్షియై వెలసిన శ్రీనృసింహునకు మ్రొక్కి, విన్నది విన్నట్లు వ్రాయుచున్నాను. ఆబిడ్సులోని హోటలులో, సర్కారు భద్రతా దళమునకు కవాతు నేర్పు ముదుసలి ఉస్తాదును, ఆ శిక్షణను తనిఖీ చేసిన అధికారియును ఎదురెదురుగా కూర్చుండిరి. అధికారి ఒకప్పుడు ఆయన శిష్యుడే.

“శిక్షణ మంచిగుందని రాసినవట, బిడ్డా?”

“రాసిన ఉస్తాద్. పోరగాండ్లు తుపాకులు పట్టుకొని నిటారుగ నిలబడ్డరు కదా.”

“అవి తనిఖీ కోసం పక్క దళంకాడ అడుక్కొచ్చినయని నీకు ముందే చెప్పిన. ఆర్నెల్లు కట్టె తుపాకులతోనే నేర్పిన. ఒక్కడన్న ఒక్క తూట పేల్చలే.”

“గట్ల రాస్తే పైవాళ్ళు నా మీదనే పడ్తరు.”

“నా శిష్యునివి, ఉన్నదున్నట్టు రాస్తవని నీ చెవుల వేసిన. నీ రాత చూసే రేపు ఆ నలభై మందిని దొంగల ముఠా మీదికి పంపుతున్నరు.”

“ఫికర్ చెయ్యకున్రి. గాడ నేర్చుకుంటరు.”

“ఎవలు నేర్పుతరు? దొంగలా?”

అధికారి చాయ్ కప్పును ప్రక్కకు జరిపెను.

“ఇప్పుడు నన్నేం చెయ్యమంటరు, ఉస్తాద్?”

“పొద్దుగాల నాంపల్లి స్టేషన్‌కు రా. బండెక్కే ముందు నీకు సెల్యూట్ కొడ్తరు. గదొక్కటి మంచిగ నేర్పిన.”

ఈ మాటలు వినిన వారినెల్ల కాచువారు కపటము లేనివారగుదురు గాక! ఆ నలువది మందిని నృసింహుడే కాచుగాక!