తాయిఫ్ కొండెక్కిన జిలాన్

"చేసింది చిన్న పనేలే, ఉలిగక్కా. కొంచేపు స్టీరింగ్ పట్టుకుంటి, అంతే. దాన్ని గొప్పగా చెప్పుకునేదేముండాది?"

జిలాన్ ఇట్లా మొదలుపెట్టాడంటే రెండో టీ చెప్పుకోవాల్సిందేనని హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్ ముందర అందరికీ తెలుసు. ఆయన ధర్మవరానికీ హిందూపురానికీ మధ్య పికప్ బండి తోలతాడు. పోయిన నెల వాళ్లమ్మ హసీనాబీని మక్కాకు, ఉమ్రా యాత్రకు తీసుకుపోయి వచ్చాడు. వచ్చినప్పటి నుంచి ఉలిగమ్మ టీ అంగట్లో ఇంకొకరికి మాట్లాడే సందు దొరకలేదు. ఆ పొద్దున బల్ల మీద ఇద్దరే ఉన్నారు. అగళి నుంచి గూళ్లు తెచ్చిన పోతులయ్య, రిటైరైన బస్సు కండక్టరు శివప్రసాద్.

"స్టీరింగా? యాడ?" అన్నాడు పోతులయ్య.

"సౌదీలో అన్నా. మక్కాలో చేయాల్సినవన్నీ అయిపోయినాయి, ఇంక నాలుగు దినాలు మిగిలినాయి. మాయమ్మ ఊరికే కూచుంటాదా? తలుపుల ఊర్లో మా చిన్నమ్మ ఉండాది గదా, ఆమె కూతురు తస్లీమ్ తాయిఫ్‌లో నర్సు. ఇంటికొచ్చి మూడేండ్లాయె. 'ఇంత దూరమొచ్చి పిల్లను చూడకుండా పోతే నా చెల్లెలికి మొగమెట్ల చూపించేది' అని మాయమ్మ. సంచి తెరిస్తే చెనిక్కాయల పొడి, ధర్మవరం చీర! అన్నీ ఈడ్నుంచే కట్టుకొనొచ్చింది, నాకు ఒక్క మాట చెప్పకుండా. సరేనని ఒక వ్యాన్ మాట్లాడితి, మాతో వచ్చినోళ్లు ఇంకో పది మంది ఎక్కిరి. తాయిఫ్ యాడుండాదో తెలుసా? కొండ నెత్తిన. ఇదో, ఈ గ్లాసే కొండ అనుకో." జిలాన్ టీ చివరి గుక్క తాగేసి గ్లాసు బల్ల మీద బోర్లించి, దాని చుట్టూ వేలు తిప్పుకుంటా పోయాడు. "ఇట్ల, మళ్ల ఇట్ల, మళ్ల ఇట్ల. నలభై మలుపులు."

"మన పెనుకొండ కొండంత ఉంటాదా?"

"పెనుకొండ కొండా? దాన్ని తీసుకుపోయి ఆడ పెడితే, ఎవడో రోడ్డు మీద రాయి పడేసినాడని పక్కకు తోసేస్తారు. డ్రైవరు యెమెన్ దేశం మనిషి. అరబ్బీ తప్ప ఇంకో ముక్క రాదు. అందుకే నేను ఆయప్పతో కన్నడంలో మాట్లాడ్తి."

"కన్నడం ఎందుకప్పా?" అంది ఉలిగమ్మ.

"తెలుగు రానోళ్లతో మనం కన్నడమే గదక్కా మాట్లాడేది? ఆ తర్వాత ఏమైందో తెలుసా? సగం కొండెక్కినాక ఆయప్పకు తుమ్ములు పట్టుకునె. ఒక తుమ్ముకు బండి రాయి పక్కకు పోతాది, ఇంకో తుమ్ముకు లోయ పక్కకు పోతాది. పది మందీ అల్లా అల్లా అంటాండారు. నేను లేస్తి. 'బిడు, నాన్ ఓడిస్తీని' అంటి, వదులు నేను తోల్తా అని. పోయి సీట్లో కూచుంటి. చూస్తే స్టీరింగే లేదు!"

"అయ్యో, ఊడిపోయెనా?" అన్నాడు పోతులయ్య.

"ఊడిపోలే, ఆ దేశంలో అది ఎడమ పక్క ఉంటాది. నేను అలవాటు కొద్దీ కుడి పక్క కూచుంటి. మళ్ల లేచి మారేంత టైముండాదా? ఈడ్నుంచే చేయి చాపి పట్టుకుంటి."

శివప్రసాద్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "డ్రైవరు యాడ కూచునె?"

"ఆయప్ప సీట్లో ఆయప్ప."

"మరి బ్రేకు ఎవరు తొక్కిరి?"

"ఎవరి కాలికి అందితే వాళ్లు తొక్కితిమి సార్. అంతలో మబ్బు కమ్ముకునె. మామూలు మబ్బు కాదు, కిటికీ తెరిస్తే దూది మాదిరి లోపలికొచ్చి పడ్తాండాది. మా తాత దూది ఏకినోడు గదా, మాయమ్మకు చేయి ఊరుకోదు. ఆ మబ్బును అంతా ఏరి, చిక్కు తీసి, దిండుగలేబులో కూరి మోకాలి కింద పెట్టుకునె. నొప్పి యాడికి పోయెనో పోయె. ఎనభై మలుపులూ కదలకుండా కూచునె."

"ఇందాక నలభై అంటివి," అన్నాడు శివప్రసాద్.

"ఎడమ పక్కకు తిరిగేటివి నలభై, కుడి పక్కకు తిరిగేటివి నలభై. సరిపాయెనా? నలభయ్యో మలుపు కాడ చూస్తే మా ముందర ఒక తెల్ల వ్యాన్ పోతాండాది. హారన్ కొట్టితి, దారియ్యదు. లైటు వేస్తి, దారియ్యదు. దగ్గరికి పోయి చూస్తే దాని వెనకద్దంలో నుంచి ఒక ముసలామె నన్నే చూస్తాండాది. ఎవరనుకుంటిరి? మాయమ్మ! ఆ మలుపు అంత వంకర. మా బండి వెనకాల మేమే పోతాండాము."

పోతులయ్య ఒక చేతి వేళ్లను ఇంకో చేతి వేళ్ల వెనక పెట్టి చూసుకున్నాడు. మార్చి పెట్టి చూసుకున్నాడు. "మీ బండి వెనక మీరెట్ల పోతారబ్బీ?"

"నేనూ అదే అడిగితి మాయమ్మను."

"ఏ మీయమ్మను? ముందర బండిలో ఆమెనా, నీ బండిలో ఆమెనా?"

జిలాన్ గ్లాసు వైపు చూశాడు. "ఇద్దర్నీ అడిగితిలే అన్నా. ఇద్దరూ ఒకే మాట చెప్పిరి, మెల్లగా పో నాయనా అని."

"అది సరే, అప్పుడు మీరు పైకి పోతాండారా, కిందికి వస్తాండారా?" శివప్రసాద్ గొంతులో విసుగు కన్నా అయోమయమే ఎక్కువుంది.

"ఆ మబ్బులో అది ఎవరికి తెలుస్తాది సార్! ఇంక కోతులు. మన కోతులు కాదు. మెడ చుట్టూ జూలుంటాది, ఒక్కొక్కటి దూడంత. రెండు వందలు రోడ్డుకడ్డం కూచున్నె. బ్రేకు తొక్కితిమి, నేనూ ఆయప్పా ఇద్దరమూ. బండి జారిపాయె! ముందర చక్రాలు గాలిలో, వెనక చక్రాలు రోడ్డు మీద. కిందికి చూస్తే గద్ద ఎగరతాండాది. గద్ద కడుపు కాదు, దాని వీపు కనపడ్తాండాది నాకు! అందరూ కండ్లు మూసుకునిరి. నేను మూసుకోలే. 'అమ్మా, ఆ చీర ఇట్లియ్' అంటి. ఒక కొస బండికి కట్టితి. ఇంకో కొస కోతుల పెద్ద చేతికిస్తి. 'హిడి' అంటి, పట్టుకో అని. కన్నడం దానికి బాగా అర్థమాయె. రెండు వందల కోతులూ వరసగా పట్టుకుని లాగితే, బండి ఆ మూడు వందల మలుపులూ ఎక్కి తస్లీమ్ వాళ్ల ఆసుపత్రి గేటు కాడ నిలబడె. ఒక్క జరీ పోగు తెగి ఉంటే అడుగు! అదే చీర తస్లీమ్‌కు ఇస్తిమి."

"చీర ఇచ్చింది నిజమే," అని వెనక నుంచి ఒక గొంతు వినిపించింది. "ఆ పిల్ల దాన్ని మొగానికి అదుముకొని ఎంతసేపు ఏడిసిందో మేమంతా చూస్తిమి."

అందరూ తిరిగి చూశారు. పెనుకొండలో కుట్టు మిషన్లు బాగుచేసే అబ్దుల్లా. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో, చేతిలో బన్ను సగం అయిపోయింది. హసీనాబీతో పాటు ఉమ్రాకు పోయినవాళ్లలో ఆయనొకడు.

జిలాన్ బోర్లించిన గ్లాసును నిదానంగా ఎత్తి పక్కన పెట్టాడు. "రా అబ్దుల్లన్నా. టీ తాగుదువు రా."

"తాగుతాలే గానీ, నువ్వు స్టీరింగ్ ఎప్పుడు పట్టుకుంటివప్పా? మూడో మలుపు కాడ్నుంచి కొండ నెత్తికి పోయేదాకా వెనక సీట్లో మీయమ్మ ఒళ్లో తలకాయ పెట్టుకొని పండుకుంటివి గదా, కండ్ల మీద టవలేసుకొని. నువ్వు కక్కుకుంటాంటే సంచి పట్టుకునింది నేనే."

ఉలిగమ్మ పాలగిన్నె దించడం మర్చిపోయింది. "దినామూ బండి తోలేటోనికి కడుపులో తిప్పుతాదా?"

"నేను తోలితే తిప్పదక్కా," అన్నాడు జిలాన్ నేల చూస్తూ. "ఇంకోడు తోలితేనే."

"మరి ఆ కోతులు? మబ్బు?" పోతులయ్యకు వదలబుద్ధి కాలేదు.

"మాయమ్మ చెప్పె. నేను బాగా బెదురుకుంటి అన్నా, చస్తామనే అనుకుంటి. మాయమ్మ నా తల మీద చేయి పెట్టుకొని, 'కండ్లు తెరవొద్దు నాయనా, నేను చూస్తాండా గదా. ఇప్పుడు మబ్బొచ్చింది, దూది మాదిరి ఉండాది. ఇప్పుడు కోతులొచ్చినాయి' అని మలుపు మలుపుకూ చెప్తా ఉండె. నేను వింటా పండుకుంటి. మిగిలిందంతా నేనే వేసుకుంటిలే."

ఉలిగమ్మ కొంగుకు చేయి తుడుచుకొని ఫోను తీసి హసీనాబీకి కలిపి, అందరికీ వినపడేట్టు బల్ల మీద పెట్టింది. "అక్కా, నేను ఉలిగమ్మను. ఆ తాయిఫ్ కొండ ఎట్లుండాదో నువ్వే చెప్పక్కా. చూసింది నువ్వొక్కదానివేనంట గదా."

"కొండా?" అంది హసీనాబీ. "నేను యాడ చూస్తి తల్లీ! వీని మొగం సున్నం మాదిరి ఐపోయి ఉండె. నా కండ్లు వీని మీదనే. బయట ఏముండాదో అబ్దుల్లా చెప్తా ఉండె, అది విని నేను వీనికి చెప్తా ఉంటి, బెదురుకోకుండా."

నాలుగు తలలూ అబ్దుల్లా వైపు తిరిగాయి. ఆయనకు బన్ను గొంతులో అడ్డం పడింది. నీళ్లు తాగి తేరుకున్నాడు.

"కిటికీ పక్క కూచునింది నిజమే," అన్నాడు. "ఆ లోయ చూసి నాలుగో మలుపు కాడనే కండ్లు మూసుకుంటి. సంచి కూడా అట్లనే పట్టుకుంటి. డ్రైవరు దారంతా ఏందో చెప్తాండె, అరబ్బీలో. నాకేం తెలుసు? ఒకచోట గట్టిగా అరిచె. కోతులేమో అనుకుంటి."

బల్ల మీద ఫోనులో హసీనాబీ గొంతు ఇంకా వినిపిస్తూనే ఉంది. "ఉలిగమ్మా, ఉండావా? వాడు ఆడనే ఉంటే అడుగు తల్లీ, ఆ కొండ ఎట్లుండెనో. ఊరంతా చెప్పుకుంటాండాడంట, నాకు మాత్రం ఒక్క మాట చెప్పలే."

జిలాన్ ఫోను అందుకొని చెవికి ఆనించుకున్నాడు.

"ఇంటికొస్తాండా, అమ్మా," అన్నాడు. "వచ్చి చెప్తా."