సాలూరు స్విచ్చు

విజయనగరంలోని నెట్‌వర్క్ ఆఫీసులో, చనిపోయిన కామేష్ సామాన్ల సంచిని తోటి ఉద్యోగి అతని భార్యకు అందించాడు.

"ఇప్పుడు ఆయన బదులు సాలూరు నెట్ స్విచ్చు సూడ్డానికి ఎవులెల్తన్నారు, తమ్ముడూ?"

"ఎవులూ ఎల్లక్కర్లేదు, వదినా. నెట్ ఏ దారిన పోవాలో ఒక ఫైల్లో రాసి ఇక్కడ్నుంచే పంపితే, అన్ని ఊళ్ల స్విచ్చులూ ఒకేసారి మారిపోతాయి."

"ఆ ఫైలు ఎప్పుడు రాసినావు?"

"అన్న ఉన్నప్పుడే అయిపోనాది. ఇంకో వారం పరీక్ష సేద్దామని నేనే ఆపినాను. ఆ వారంలోనే అన్న బండి మీద సాలూరెల్తంటే లారీ గుద్దేసినాది."

ఆమె సంచి ఒళ్లో పెట్టుకుంది.

"ఆయన నాతో సెప్పినారు. వారం ఆగితే ఇంక తిరుగుడుండదు, పొద్దుండగానే ఇంటికొచ్చేస్తానన్నారు. ఆ ఫైలు నువ్వే రాసినావని శానా మురిసిపోనారు, తమ్ముడూ."