నెహెమ్యా మూసిన డాష్‌బోర్డు

అట్టా గోరు పెట్టి అంచు గీకి చూడటం ఎవురు నేర్పార్రా నీకు, విశాలూ? మీ నాయనా? మరి మీ నాయనకి నేర్పింది నెహెమ్యా. ఈ నరసరావుపేటలో కార్లో పాటల డబ్బా బిగించే ప్రతివోడూ ఇప్పటికీ అట్టాగే చూస్తాడు, ఎవురు మొదలుపెట్టారో మాత్రం ఒక్కడికీ తెలీదు. కూర్చో. ఆ స్టూలు కాదు, దానికి కాలిరిగింది, ఈ టైరు మీద కూర్చో. నీ పాత కార్లో ఈ కొత్త బండి స్టీరియో పట్టాలంటే ఎట్టాగూ పూటంతా పడుద్ది.

నెహెమ్యా పోయి పన్నెండేళ్లయింది. మేమిద్దరం ఈ షాపులో ఇరవయ్యేళ్లు భాగస్తులం. ఆదివారం ఆయన చర్చికి, తిరనాళ్లకి నేను కోటప్పకొండకి, అయినా వరస కలుపుకుని బావా అంటే బావా అనుకునేవోళ్లం. ముందు ఆయన మాచర్ల పక్కన నాపరాళ్లు పరిచే మేస్త్రి. బండలేసి, పాలీషు పట్టి, కళ్లు మూసుకుని బొటనవేలి గోరు లాగేవోడంట. సందు దగ్గర గోరు తట్టిందా, ఆ బండ లేపాల్సిందే. పాలీషు మిషను మోతకి చెవులు సగం పోయినయ్. డాక్టరు ఆ పని మానమంటే ఇటొచ్చాడు. వచ్చాడు గానీ బుర్రలో బండలు అట్టాగే ఉన్నయ్. డాష్‌బోర్డుని కూడా గచ్చు లాగే చూసేవోడు. చెక్క ఫ్రేము కోసి, లప్పం పెట్టి, తడిపి తడిపి ఎమిరీ కాయితంతో రుద్ది, రంగేసి, మళ్లీ ఆ గోరు లాగటం. బండి ఓనరేమో బయట నిలబడి తన గోళ్లు కొరుక్కోటం.

నా పనేందంటావా? వైర్లు. లోపల ఎంత చక్కగా కట్టినా ఎవురికి కనపడుద్దిరా? వచ్చినోడల్లా నెహెమ్యా షాపు ఇదేనా అని అడిగేవోడు. బోర్డు మీద నాగులు అని ముందు నా పేరే ఉండేది. చదువుకున్నోళ్లే చదవకపోతే ఏం చేస్తాం.

అట్టాంటప్పుడు నకరికల్లు నుంచి గోపాలకృష్ణయ్య మేష్టారు తన అంబాసిడరేసుకుని భార్య సుబ్బులమ్మగారితో వచ్చాడు. అప్పుడే రిటైరయ్యాడు, మర్నాడు పొద్దున్నే ఇద్దరూ శ్రీశైలం పోవాల. ఆవిడకి పాటలు లేకపోతే ఘాట్‌రోడ్డులో వాంతులంట. అందుకని ఎక్కడో గుద్దుకున్న కొత్త కార్లోంచి కంపెనీ స్టీరియో పీకించి తెచ్చాడు. దాని ముఖం వెడల్పు, పైగా ఒంపు. ఈయన బండి డాష్‌బోర్డు చూస్తే పీట చెక్క. ఇది బండితో పాటే పుట్టినట్టుండాలి అన్నాడు. అని ఊరుకున్నాడా, నా వైపు తిరిగి, ఏమయ్యా, మీ ఓనరుకి చెప్పు అన్నాడు. నెహెమ్యా నవ్వాడు. ఆయనకి ఆ మాట వినపడి ఉండదని ఇప్పుడనిపిస్తది. వినపడనోడు గదా, ఎవురేమన్నా ముందో నవ్వు నవ్వేవోడు. ఆ రోజు మాత్రం నాకు చానా కాలింది.

డబ్బాని బల్ల మీద పెట్టి బ్యాటరీ తగిలించి చూశా. పాట రాలా. ముందు అద్దం మీద ‘కోడ్’ అని పడింది. అప్పట్లో కొన్ని కంపెనీ డబ్బాలకి అదో రోగం, దొంగలెత్తుకుపోకుండా. ఒకసారి కరెంటు తీశామా, మళ్లీ నాలుగంకెలు కొడితేగానీ పలకదు. డబ్బా నెత్తిన కాయితం మీద ఓ నెంబరుంటది, అది షోరూమోళ్లకి చెప్తే ఆ నాలుగంకెలు వాళ్లు చెప్తారు. కాయితం ఉంది, చూశా. చూసి గమ్మున డబ్బా తీసుకెళ్లి నెహెమ్యా చేతిలో పెట్టా. పని చెడగొట్టాలని కాదురా. ఆయన గోరు లాగి గొప్పగా నిలబడ్డాక, నెంబరు రాసుకున్నావా బావా అని నలుగురిలో అందామని. తర్వాత నాలుగు స్క్రూలు విప్పి డబ్బా బయటికి లాగితే నెంబరు కనపడుద్దిలే అనుకుని టీకి పోయా. టీ తాగి రావచ్చు గదా, అక్కడ మిరపకాయల రేటు మీద పడ్డారు, నేనూ పడ్డా. వచ్చేసరికి ఈ మహానుభావుడు, గతుకుల్లో కదలకూడదని, డబ్బా చుట్టూ ఎనకనుంచి కూడా రాయిలా గట్టిపడే ఎంసీల్ ముద్ద మెత్తేశాడు. బండ దించినట్టు దించాడు.

మేష్టారు కళ్లు మూసుకుని గోరు లాగాడు, యాడా తట్టలా. నేనూ లాగా. అట్టాంటి పని మళ్లీ చూళ్లేదు, అబద్ధమెందుకు. తాళం తిప్పారు. కోడ్. మేష్టారు ముందు పుట్టినరోజు కొట్టాడు. తర్వాత పెళ్లిరోజు కొడితే, అది మన పెళ్లిరోజు కాదని సుబ్బులమ్మగారు అలిగి పోయి ఎనక సీట్లో కూర్చుంది. మూడోసారికి డబ్బా ఇంకేం నొక్కినా పలకటం మానేసింది.

నెంబరు యాడుంటది బావా అనడిగాడు నెహెమ్యా. నెత్తిన అన్నా. ఆయన లోపలికి పోయాడు. ఉలీ సుత్తీ తెచ్చాడు. నేను కొడతానంటే ఒప్పుకోలా. పొద్దున్నించీ రుద్దిన లప్పం పెళ్లలు పెళ్లలుగా రాలతా ఉంటే ఒక్కో పెళ్లనీ ఏరి పక్కన పేర్చాడు. సగంలో ఆపి తలెత్తాడు.

“ముందే చెప్పకపోయావా బావా?”

మేష్టారు చూస్తున్నాడు, పక్క షాపోళ్లు చూస్తున్నారు.

“చెప్పా. నువ్వు వినలా.”

నమ్మాడ్రా. చెవి మీద చెయ్యేసుకుని అటు తిరిగి, మేష్టారూ తప్పు నాదేనండీ, మా నాగులు చెప్పాడంట, నాకే వినపడలేదు అన్నాడు. నెంబరు దొరికింది, షోరూముకి ఫోన్ చేస్తే అంకెలు చెప్పారు, గంటాగి కొడితే పాటొచ్చింది, మర్నాడు వాళ్లు డాష్‌బోర్డు మీద తువ్వాలు కప్పుకుని శ్రీశైలం పోయారు. ఈయనేమో ఊరంతా తిరిగి అదే చెప్పాడు. మా నాగులు ముందే పసిగడతాడు, వాడి మాట వినకే బండి చెడగొట్టా అని. దాంతో జనం నాగులు షాపు యాడ అని అడగటం మొదలుపెట్టారు. నేను కోరుకుంది అదే గదా, అయినా అన్నం సయించేది కాదు. నిజం చెప్దామని ఎన్నిసార్లో నోటిదాకా వచ్చింది. కానీ ఆయనకి చెప్పాలంటే అరిచి చెప్పాలి, రోడ్డంతా వినపడుద్ది.

ఆ తర్వాత పోయేదాకా, ఏ డాష్‌బోర్డు మూసేముందైనా సరే, పని ఆపి నా దగ్గరికొచ్చేవోడు. వొంగి, చెవి తెచ్చి నా నోటి దగ్గర పెట్టి, “ఏమన్నా చెప్పావా బావా?” అనేవోడు.

ఏం లేదు, మూసెయ్ అనేవోణ్ణి.

...ఆ స్క్రూడ్రైవరిటియ్. అది కాదు, పొట్టిది.