గోల్ఫు మేష్టరు కూర్మయ్య

"ఒరే మల్లేశ్వర్రావు, టీలో పంచదార దండిగా ఎయ్యి, ఛాంపియను తాగతన్నాడు! సూడండి వైకుంఠరావుగారూ, మీరు టెక్కలి నుంచొచ్చి మా అక్కుపల్లి సముద్రం ఒడ్డున పెద్ద ఓటేలు కడతన్నారు, పక్కన గోల్ఫుకని గడ్డి కూడా పెంచుతన్నారని ఇన్నాను. మరి ఆట నేర్పడానికి మేష్టరు కావాలా వొద్దా? ఆ ఉజ్జోగం నాకిచ్చీండి బాబూ. ఈ పూండి టేసన్లో మీ రైలాగీలోపు నా సర్వీసంతా సెప్పేత్తాను."

"చెప్పు, వింటాను," అన్నాడు వైకుంఠరావు.

"తొంభయ్యారులో వైజాగెల్లేను. క్లబ్బులో మొదటి రోజే కర్రట్టుకుని ఒక్కటిచ్చేను. బంతెల్లి నూటయాభై గజాల అవతల కన్నంలో టప్పుమని పడింది. అదురుష్టమంటారేమో! వల ఇసిరే ఇంట్లో పుట్టినోడినండీ, నడుం తిప్పడం మాకొకరు నేర్పాలా?"

"బాగానే ఉంది."

"ఆ తర్వాతేటయిందో తెల్సా? మరుసటేడు పోటీలో నా బంతి సముద్రంలో పడిపోనాది. ఓడిపోయేవనీసేరు జడ్జీలు. మూడోనాడు మాయమ్మ కోనాం సేపని కోత్తంటే కడుపులోంచి బంతి దొర్లి గిన్నిలో పడింది. గిన్నయితేనేటి, కన్నం కన్నమే కదా! కప్పిచ్చీసేరు."

"ఎవులికి బావా, సేపకా?" అన్నాడు టీ కొట్టు మల్లేశ్వర్రావు.

"నాకేరా ఎర్రోడా! రెండువేల సంవచ్చరంలో మరో బంతి కొట్టేను, అదెల్లి కదిలే పాసింజరెక్కీసింది. విజీనారం దాటింది, సికాకులం రోడ్డు దాటింది, ఇదుగో, ఈ పూండిలోనే దిగింది."

"టిక్కెట్టు తీసిందేటి?"

"అరటిక్కెట్టు! ఎదవ డౌట్లూ నువ్వూను. ఆనక మేష్టర్నయిపోనాను. ఒక పెద్దాఫీసరుకి నెల్లాళ్లు నేర్పేను, ఆయన ఇంట్లో మంచమ్మీద కూకుని కర్రూపితే అక్కడ క్లబ్బులో బంతి కన్నంలో పడేది. మరింకేటి, ఆ మాట దుబాయెల్లిపోనాది! ఓ షేకు ఇమానం పంపేడు. 'కూర్మయ్యా, మా ఇసకలో గడ్డి మొలవట్లేదు, ఓపాలి కర్రూపి ఎల్లు' అన్నాడు. ఊపేను. ఎకరాలకెకరాలు పచ్చగయిపోనాది! ఉండిపొమ్మని కాళ్లట్టుకున్నారు. ఉద్దానం కొబ్బరినీళ్లు లేందే నాకు దాహం తీరదని వొచ్చీసేను."

మల్లేశ్వర్రావు గ్లాసులు కడగడం మానేసి పడీ పడీ నవ్వుతున్నాడు. ఇంతలో రైలొచ్చింది. వైకుంఠరావు లేచాడు. కూర్మయ్య చటుక్కున ఆయన తోలు బ్యాగు ఎడమ భుజానికి తగిలించుకుని, దాని మూతి అరచేత్తో గట్టిగా నొక్కి పట్టి, ఆయనకి రెండడుగులు వెనక చప్పుడు చెయ్యకుండా నడిచాడు.

రైలు పెట్టె దగ్గర వైకుంఠరావు వెనక్కి తిరిగి చూశాడు.

"అందులో కాయితాలే కూర్మయ్యా. కర్రలు లేవు, గలగలమనవు. చెయ్యి తీసెయ్."

కూర్మయ్య చెయ్యి వైపు చూసుకున్నాడు.

"ఆడేవాడికి చప్పుడు వినపడకూడదని క్లబ్బుల్లో కర్రల బ్యాగులు మోసేవాళ్లే అలా పట్టుకుంటారు. నేనూ ఆడతానులే. ఎన్నేళ్లు మోశావు?"

"ఎనిమిదేళ్లండి." బ్యాగు మూతి మీంచి చెయ్యి తీసేశాడు. "ఎవులూ ఓపాలైనా కర్ర నా సేతికివ్వలేదండి. ఒక్కటి కొట్టాలని శానా ఆశండి నాకు."

మల్లేశ్వర్రావు నవ్వు ఆపేశాడు. వైకుంఠరావు బ్యాగు తీసుకుని రైలెక్కాడు.

"మేష్టరు ఉద్యోగం నీకివ్వలేను," అన్నాడు తలుపులో నిలబడి. "ఆదివారం ఒడ్డుకి రా. బ్యాగు నేను మోస్తాను, నువ్వు కొట్టు."