ఓబన్న కట్టిన బిళ్ళ సుంకం

ఓబన్న ఉండేవాడంట. పొట్టేళ్ళ పందేల కాడ ఇద్దరి సొమ్మూ తన తువ్వాల్లో ముడేసుకొని, గెలిచినోనికి ఇచ్చే మనిషి. అందులో ఆయప్పకు పిడికెడు వాటా. అందురూ నమ్మేవాళ్ళు, ఎందుకంటే తాగొచ్చినోన్నీ, ఇంట్లో గింజలు పందేనికి తెచ్చినోన్నీ తిట్టి తరిమేవాడు. వాళ్ళూరి బసప్పనైతే ఏటేటా తిట్టేదే. బసప్ప నలుగుర్లో కూచుంటే మాటలు జాస్తి. ఈసారి విత్తనమే పందెం కాస్తా అంటాడు, మూటెత్తుకొని వస్తాడు, ఓబన్న నాలుగు తిట్లు తిడతాడు, గొణుక్కుంటా ఇంటికి పోతాడు. అందురూ నగుతారు. అంతే అనుకో.

ఆ ఏడు ఏమైందంటే, పాళెగానికి రూకలు కావాల్సొచ్చినాయంట. పందెం సొమ్ము పట్టేవాళ్ళంతా సుంకం కట్టి ఇత్తడి బిళ్ళ తీసుకోవాల, లేకుంటే కొరడా దెబ్బలేనని దండోరా వేయించినాడు. ఓబన్న రెండు మేకల్నమ్మి కట్టినాడప్పా. మెళ్ళో బిళ్ళేసుకొని బరికాడ మీసం తిప్పినాడు కూడా. తిప్పడా మరి, దొర ఇచ్చిన బిళ్ళ. కానీ ఎన్ని పందేలు పడితే ఆ మేకలు మళ్ళొస్తాయనే ఒకటే గుబులు. ఆ పొద్దు తాగొచ్చినోన్ని కూడా వద్దనలేదు. అంతలో బసప్ప వచ్చినాడు, కొర్ర విత్తనం మూట భుజాన. మూట దించి ఓబన్న మొగం చూస్తా నిలబడినాడంట. చూస్తానే ఉండాడు. ఓబన్నకు తిట్టు గొంతుకాడికి వచ్చింది. మింగేసినాడు. ఏ పొట్టేలు మీద బసప్పా అని అడిగినాడు. బసప్ప మొగం పాలిపోయింది. అంతమంది చూస్తాంటే మూట ఎట్ల ఎత్తుకుంటాడు, నల్లదాని మీద అన్నాడు. నాలుగు గుద్దులకే నల్లది తోక ముడిచింది.

జనం పోయినాక బసప్ప దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడంట, "నువ్వు తిడతావనే కదా ఓబన్నా మూట తెచ్చింది. నువ్వుండావని నోటికొచ్చింది మాట్లాడేవాన్ని." ఓబన్నకు తల కొట్టేసినట్టయింది. తువ్వాల్లో తన వాటా కొర్రలు, అవి పారెయ్యలేడు, ఇంటికి తీసకపోలేడు.

బిళ్ళ తిరిగిచ్చేసినాడంటలే. తన విత్తనం మోసుకపోయి బసప్ప ఇంట్లో పోసినాడు. అంతా ఇచ్చేసినాక ఇంకేం సిగ్గని మీరడుగుతారు. బసప్ప ఆ తర్వాత నలుగుర్లో కూచున్నా నోరు మెదపలేదంట. అది చూసినప్పుడల్లా ఓబన్న తలొంచుకొని లేచి పోయేవాడు. పాళెగాడు సుంకం అడిగినాడు గానీ తిట్టే నోరు మూసుకోమని ఓబన్నను అడిగినాడా అప్పా? అది ఓబన్న తనంతట తానే కట్టినాడు.